చలిలో వేలు, ఎండలో గోరు

ఉదయం అయిదుంపావు. తీరం ఠాణా ప్రశ్నల గదిలో లియావ్ ఆతూ ముందు చేప గంజి గిన్నె ఉంది. చెంచా అందులో నిటారుగా నిలబడి ఉంది. నిన్న మధ్యాహ్నం నుంచి అతను ముద్ద ముట్టలేదు, కునుకు తీయలేదు. ఈరోజు సాయంత్రం నాలుగింటికల్లా అతన్ని హత్య నేరం మీద ప్రాసిక్యూటర్ ముందు నిలబెట్టాలి. అరెస్టయిన ఇరవై నాలుగు గంటల్లో అది జరిగిపోవాలని చట్టం. నిలబెట్టాక మళ్ళీ ఇంటికి వస్తాడని ఆ ఠాణాలో ఎవరికీ నమ్మకం లేదు. వచ్చే అవకాశం కాస్తయినా ఉందనుకున్నది ఒక్క కో సూయున్. ఆమెకి కూడా చేతిలో పదిముప్పావు గంటలే ఉన్నాయి.

సూయున్ ఆ ఠాణాలో డిటెక్టివ్. యాభై రెండేళ్ళ మనిషి, ఆవులిస్తే పేగులు లెక్కపెట్టే రకం. సెలవులో ఉన్న ఆమెని రాత్రి పదకొండింటికి పిలిచి, నగరం నుంచి వచ్చిన వెంగ్ అనే ఆయన కేసు ముగించేశాడు, ఒక సంతకం పెట్టి వెళ్ళమన్నారు. చదవని కాగితం మీద సంతకం పెట్టే అలవాటు ఆమెకి లేదు. చదివాక అసలే పెట్టబుద్ధి కాలేదు.

"గంజి తినవయ్యా ఆతూ. ఖాళీ కడుపుతో నిజం చెప్పినా అబద్ధంలాగే వినిపిస్తుంది."

"దిగట్లేదక్కా."

"సరే, చెప్పు. టైములతో సహా."

"వెంగ్ సారుకి నాలుగుసార్లు చెప్పా."

"ఆయనకి చెప్పావు. నాకు చెప్పలేదుగా."

ఆతూ అరచేతులు మొహానికి రుద్దుకున్నాడు. ఆల్చిప్పల సాగులో పారేసే తెల్ల ఫోమ్ దిమ్మలు, తెగిన వలలు, తాళ్ళు పోగుచేసి కరిగించి పలకలు పోస్తాడతను. కొంగల రేవు అనే పక్షుల అభయారణ్యంలో, బురద మీద కట్టిన నడకదారి అంతా అతను పోసిన పలకలే. అక్కడ చెక్క పెడితే ఉప్పునీటికి మూడేళ్ళలో పుచ్చిపోయేది, పుచ్చిన చెక్కకి పూసే మందు బురదలోకి దిగేది, ఆ బురదలో ఏరుకు తినే నల్లమొహం తెడ్డుమూతి కొంగలు చచ్చేవి. ఆతూ పలకలు వేసి తొమ్మిదేళ్ళయింది, ఒక్కటీ పుచ్చలేదు.

"నిన్న పదకొండుకి ముందే ఫోనొచ్చింది. నడకదారిలో మూత ఉబ్బి లేచింది, ఒకావిడ కాలు తట్టుకుని పడిందని."

"ఏ మూత?"

"కాలువ మీది మూత. మూడు పలకలు కలిపి చేశా, మూడు మీటర్ల పొడుగు. కింద పూడిక తియ్యడానికి ఎత్తుకునేలా పెట్టింది. పదకొండు ముప్పై అయిదుకి వెళ్ళా. చూస్తే నిజంగానే ఒంటె మూపులా ఉంది. మరలు తీశా. ఎగిరి పక్కకి పడింది. కింద, రోజూ కొంగల్ని లెక్కపెట్టే ఫాంగ్ మాస్టారు."

"ఎలా ఉన్నాడు?"

"బోర్లా. ఆటు వచ్చి నీళ్ళు అప్పటికి తీసేశాయి, నడుం దాకా ఉన్నాయంతే. పైకి లాగా. గుండె నొక్కా."

"పన్నెండింటికి పోలీసులకి ఫోన్ చేశావు. ఇరవై అయిదు నిమిషాలు ఏం చేశావు?"

"నొక్కుతూనే ఉన్నానక్కా. ఆయన చేతులు వంగట్లేదు, మనిషి కొయ్యలా బిగుసుకుపోయాడు. అయినా నొక్కా."

సూయున్ కలం ఆపింది. శవం బిగుసుకోవడానికి గంటలు పడుతుంది. "బిగుసుకుపోయాడని వెంగ్‌తో చెప్పావా?"

"చెప్పా. కథలు చెప్పకురా అన్నాడు."

డాక్టరు నగరం నుంచి వచ్చేసరికి సాయంత్రం నాలుగున్నర. చల్లటి నీళ్ళలో నానిన శవం, చావు పొద్దున అయిదు నుంచి మధ్యాహ్నం పన్నెండు మధ్య ఎప్పుడైనా కావచ్చు, తల మీద దెబ్బ ఉంది కానీ పోయింది మాత్రం నీళ్ళు మింగి, అని రాసి వెళ్ళిపోయాడు. పదకొండింటికి మాస్టారు బతికి ఉండగా చూశానని ఒక సాక్షి. కాబట్టి పదకొండున్నరకి వచ్చిన ఆతూయే తలమీద కొట్టి, మూత ఎత్తి, కిందకి తోశాడని వెంగ్ లెక్క.

"పోయిన వారం మాస్టారితో గొడవ పడ్డావట, పదిమంది ముందు."

"పడ్డా. పలకల అంచుల నుంచి పొడి రాలుతోంది, పక్షులు తింటాయి అన్నాడు. నాకు కోపమొచ్చి అరిచా. ఇంటికెళ్ళి భూతద్దం పెట్టి చూస్తే ఆయన చెప్పిందే నిజం. అంచులన్నీ గుండ్రంగా చెక్కించడం మొదలుపెట్టా." ఆతూ గిన్నె పక్కకి నెట్టాడు. "ఆ సంగతి ఆయనకి చెప్పనేలేదు."

సూయున్‌కి జాలి వేసింది, కానీ జాలి సాక్ష్యం కాదు.

"మూత ఎందుకు ఉబ్బుతుంది?"

"ఉబ్బకూడదు. మా సరుకు ఎండకి సాగుతుంది, చలికి ముడుచుకుంటుంది. అందుకే చివర్ల దగ్గర సందు వదుల్తాం. మా పనివాళ్ళకి మొదటిరోజే నేర్పుతా, చలిలో వేలు, ఎండలో గోరు అని. పొద్దున వేస్తే సందులో వేలు దూరాలి, మధ్యాహ్నం వేస్తే గోరు దూరాలి. తొమ్మిదేళ్ళు ఉబ్బని మూత నిన్న ఎందుకు ఉబ్బిందో నాకర్థం కాలేదు."

"నిన్న పొద్దున అయిదు నుంచి నువ్వెక్కడున్నావు?"

"కార్ఖానాలో. అయిదింటికి కొలిమి వెలిగిస్తాం. పదకొండుమంది ఉన్నారు నాతో."

సూయున్ లేచింది. "గంజి తిను. మధ్యాహ్నం ఓపిక కావాలి."

*

ఏడింటికి కొంగల రేవు గేటు దగ్గర పదకొండు డిగ్రీలు. సూయున్ నడకదారి మీద మోకాళ్ళ మీద కూర్చుంది. నిన్న తీసిన మూత రెయిలింగుకి ఆనించి ఉంది. అది ఉండాల్సిన చోట పొడుగాటి కంత. ఆ ఒక్కచోట కాలువకి రెండు పక్కలా కూడా పలకలు దించి పెట్టెలా కట్టారు, బురద జారిపడకుండా. లోపల మనిషి పడితే పైనుంచి తప్ప బయటికి దారి లేదు.

చట్రం రెండు కొసలూ లైటు వేసి చూసింది. ఒక కొసన పెచ్చులా ఏదో అంటుకుని ఉంది. వెంగ్ మనుషులు దాన్ని బురద అనుకుని వదిలేసి ఉంటారు. గోటితో గీకి చేతిలో వేసుకుంది. అప్పడంలా నలిగిన చిన్న చెక్క చీలిక. ముక్కు దగ్గర పెట్టుకుంది. కర్పూరం వాసన.

కిలోమీటరు పొడుగున్న ఆ దారిలో అగ్గిపుల్లంత చెక్క కూడా లేదు. ఆమె ఆ చీలికని కవర్లో వేసి జేబులో పెట్టుకుంది. తర్వాత పొట్ట మీద పడుకుని తల లోపలికి వంచింది. అడ్డదూలానికి నాలుగు కొక్కేలు బిగించి ఉన్నాయి. నాలుగింటికీ నైలాను తాడు ముక్కలు. కొసలు తెల్లగా, కొత్తగా ఉన్నాయి, కత్తితో కోసినట్టు.

"పొద్దున్నే పొర్లుదండాలా అమ్మా?"

వాన్‌ఫూ మేస్త్రి. అరవై ఎనిమిదేళ్ళు. ఒకప్పుడు ఈ తీరంలో గుళ్ళకి పైకప్పు కట్టాలంటే ఆయనకే తాంబూలం. మేకు కొట్టకుండా దూలాన్ని దూలంలో కూర్చోబెట్టిన చెయ్యి. మోకాళ్ళు అరిగాక ఇక్కడ గేటు కాపలాకి కుదిరాడు. పనిముట్ల సంచి మాత్రం భుజం దిగలేదు. ఫాంగ్ మాస్టారిని పదకొండింటికి చూశానన్న సాక్షి ఆయనే.

"నిన్న మాస్టారిని ఎక్కడ చూశారు మేస్త్రి గారూ?"

"చివరి గుడిసె దగ్గర. ఎర్ర టోపీ. కొంగల్ని లెక్కపెడుతున్నాడు."

"మాట్లాడారా?"

"చెయ్యి ఊపాడు. నేనూ ఊపా."

"టైము ఎలా గుర్తుంది?"

"రేడియోలో పదకొండింటి వార్తలు వస్తున్నాయి."

మాట తడబడలేదు. కంత వైపు ఆయన ఒక్కసారి కూడా చూడలేదని మాత్రం సూయున్ గమనించింది.

"ఈ కంత ఇలా వదిలేస్తే ఎవరైనా పడతారు. మూత తాత్కాలికంగా వేసి పెడతారా? ఆతూ మనుషులు రావడానికి లేదు."

"ఆ చెత్త సరుకు నా చేత ముట్టిస్తున్నారా?" మేస్త్రి పెదవి విరిచాడు. "ఆల్చిప్పల చెత్త కరిగించి దానికి చెక్క రంగు పూస్తే చెక్క అయిపోతుందా? నిన్న చూశారుగా, ఉన్నట్టుండి ఉబ్బి కూర్చుంది. చెక్క అలా చేస్తుందా ఎప్పుడైనా?"

"మీకంటే చెయ్యి తిరిగిన వాళ్ళెవరున్నారు ఇక్కడ?"

ఆ మాటకి ఆయన కాస్త మెత్తబడ్డాడు. మూత ఎత్తి కంత మీద పరిచాడు. రెండు కొసల దగ్గరా సందు మిగిలింది, చిటికెన వేలు దూరేంత. నాలుగు మరలు బిగించాడు. లేవబోయి ఆగాడు. ఆ సందు వైపు చూశాడు. పంటి సందున పీచు ఇరుక్కున్న మనిషిలా ఉంది ఆయన వాలకం. చెయ్యి తనంతట తనే సంచిలోకి పోయింది, చెక్క ముక్క తీసింది, ఉలితో రెండు చీలికలు చీల్చింది. ఒక్కో కొసన ఒక్కోటి పెట్టి కొయ్యసుత్తితో దిగ్గొట్టాడు. ఇక కాగితం కూడా దూరదు.

పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గానీ పోదంటారు. ఈయనది పుట్టుకతో వచ్చింది కాదు, యాభై ఏళ్ళు నేర్చుకున్నది. అది ఇంకా గట్టిది.

"అదీ పని అంటే," అన్నాడు మేస్త్రి.

"చాలా బాగుంది," అంది సూయున్. టైము చూసి పుస్తకంలో రాసుకుంది. ఏడు ఇరవై రెండు.

*

వెంగ్ ఎనిమిదింటికి వచ్చాడు, ఒక చేతిలో సోయా పాలు, ఇంకో చేతిలో ఆవిరి బన్ను. ముప్పై ఆరేళ్ళకే నగర విభాగంలో పేరు తెచ్చుకున్నవాడు. తేలిగ్గా తేలిన కేసులన్నీ తన తెలివితో తేలాయని నమ్మేవాడు.

"సంతకం ఏమైంది అక్కయ్యా?"

"పెట్టలేదు తమ్ముడూ."

"ఎందుకో?"

"ఎండ రావాలి."

వెంగ్ ఆకాశం చూశాడు. మబ్బు పట్టి ఉంది. "సంతకానికీ ఎండకీ ఏంటి సంబంధం? ఒడియాలు ఎండబెడుతున్నారా?"

"ఒకటడుగుతా చెప్పు. మూత ఉబ్బిందని ఫోనొచ్చింది ఎన్నింటికి?"

"పది యాభైకి."

"ఆతూ వచ్చింది?"

"పదకొండు ముప్పై అయిదుకి. గేటు కెమెరాలో ఉంది."

"మరి అతను రాకముందే మూతని కదిపిందెవరు?"

"ఎవరూ కదపలేదు. చవక సరుకు, ఎండకి ఉబ్బింది. మీ మేస్త్రే చెప్పాడు."

"తొమ్మిదేళ్ళ ఎండకి ఉబ్బనిది నిన్నటి ఎండకే ఉబ్బిందా?"

వెంగ్ బన్ను కొరికి నెమ్మదిగా నమిలాడు. "అక్కయ్యా, నా దగ్గర గొడవ ఉంది, చోటు ఉంది, ఇరవై అయిదు నిమిషాల ఆలస్యం ఉంది, పదకొండింటికి చూసిన సాక్షి ఉన్నాడు. మీ దగ్గర ఏముంది? మబ్బు."

"మధ్యాహ్నం పన్నెండున్నర దాకా ఆగు. ఆతూని ఇక్కడికి తీసుకురా. ఏమీ జరక్కపోతే నీ కాగితం మీద సంతకం పెడతా, నేను పొరబడ్డానని కింద రాసి మరీ పెడతా."

ఆ రెండోమాట వెంగ్‌కి నచ్చింది. ఒప్పుకున్నాడు.

తొమ్మిదయింది, పదయింది. మబ్బు కదల్లేదు. సూయున్ మూత పక్కనే మడత కుర్చీ వేసుకుని కూర్చుంది. పదిన్నరకి వెంగ్ మనిషి ఒకడు, గొడుగు తెమ్మంటారా మేడమ్ అని అడిగి నవ్వుకుంటూ వెళ్ళాడు. ఎండ రాకపోతే ఆతూ జైలుకి పోతాడు. ఒక మనిషి బతుకు మబ్బు మీద ఆధారపడటం ఆమె ఒళ్ళు మండించింది.

పదకొండు దాటాక తెర తీసినట్టు మబ్బు విడిపోయింది. పన్నెండుకి ఆతూని బేడీలతో తీసుకొచ్చారు. పన్నెండుం అయిదుకి మూతలోంచి టిక్కుమని చిన్న చప్పుడు. కాసేపటికి ఇంకోటి. సూయున్ వాన్‌ఫూ మేస్త్రిని కూడా పిలిపించింది. నలుగురూ నిలబడి చూస్తుండగానే మూత నడుం మెల్లగా లేచింది. వేలెత్తు, రెండు వేళ్ళెత్తు. పన్నెండుంపావుకి ఒక మర పీక్కుని పైకి వచ్చింది.

ఆతూ ముందుకి వంగి కొసలు చూశాడు. "ఎవరు చీలికలు కొట్టింది? సందు మూసేస్తే అదెక్కడికి పోతుంది, పైకే లేస్తుంది. మేమైతే చచ్చినా కొట్టం."

"మేస్త్రి గారు కొట్టారు," అంది సూయున్. "చలిలో, ఏడు ఇరవై రెండుకి." జేబులోంచి కవరు తీసి వెంగ్ చేతిలో పెట్టింది. "ఇది నిన్నటిది. చట్రానికి అంటుకుని ఉంది. వాసన చూడు. తర్వాత ఆ మూత కొసన ఉన్నది కూడా చూడు."

వెంగ్ రెండూ చూశాడు. రెండింటిదీ ఒకటే కర్పూరం వాసన.

"నిన్న పది యాభైకే మూత ఉబ్బి ఉందంటే," సూయున్ చెప్పింది, "అంతకుముందు చలిలో ఎవరో దాన్ని ఎత్తి, మళ్ళీ పెట్టి, ఇలాగే చీలికలు బిగించారు. అప్పటికే ఫాంగ్ మాస్టారు దాని కింద ఉన్నాడు. మరి పదకొండింటికి చివరి గుడిసె దగ్గర చెయ్యి ఊపింది ఎవరు మేస్త్రి గారూ?"

వాన్‌ఫూ మూతనే చూస్తున్నాడు. తన చేతి పని అలా నడుం విరిచి లేవడం ఆయనకి మింగుడు పడలేదని మొహం చూస్తే తెలుస్తోంది.

"కింద కొక్కేలకి ఏం వేలాడదీశారు?" అడిగింది సూయున్.

"ఈల్ చేప పిల్లలు," అన్నాడు చివరికి. "గాజు పురుగుల్లా ఉంటాయే, అవి. మార్చి దాకా దేశం దాటించకూడదుగా. పడవ వచ్చేదాకా వల బుట్టల్లో దాచేవాణ్ణి. గేటు తెరిచేదాకా పక్షుల రేవులోకి ఎవరూ రారు, తనిఖీ ఉండదు."

"మాస్టారు చూశాడు."

"ఆరుంపావుకి. మూత తెరిచి ఉంది, బుట్టలు పైకి తీస్తున్నా. వలలో కొంగ పిల్ల ఒకటి చిక్కుకుని చచ్చి ఉంది. అది చూసి అరిచాడు. నా సంచి పట్టుకుని లాగాడు, నేను లాక్కున్నా. కాలు జారి పడ్డాడు. దూలానికి తల తగిలింది. కదల్లేదు. పోయాడనుకున్నానమ్మా. తాళ్ళు కోసి బుట్టలు తీసేసి, ఇక తెరిచే పని లేదు కదా అని మూత గట్టిగా బిగించేశా. నేను తొయ్యలేదు, ఒట్టు. ప్రమాదం."

వెంగ్ పుస్తకం తీసి గబగబా రాసుకుంటున్నాడు. ఒక్క క్షణం ఆగి, జేబులోంచి తాళంచెవి తీసి ఆతూ బేడీలు తనే విప్పాడు. క్షమించమని అనలేదు. ఆతూ కూడా ఆ మాట కోసం చూడలేదు, ఎర్రబడ్డ మణికట్లు రుద్దుకుంటూ మూత దగ్గర నుంచి పక్కకి తప్పుకున్నాడు.

సూయున్‌కి మాత్రం డాక్టరు రాసిన ముక్క ఒకటి అడ్డుపడుతోంది. పోయింది నీళ్ళు మింగి. ఆరుంపావుకి అక్కడ నీళ్ళు మోకాలి లోతు కూడా ఉండవు.

"చీలికలు ఎన్నింటికి కొట్టారు?"

"ఆరున్నర."

"కొడుతున్నప్పుడు ఏమైనా వినిపించిందా?"

మేస్త్రి తల దించుకున్నాడు. వెంగ్ రాయడం ఆపాడు.

"పెద్దాయనా, అడుగుతున్నా," అంది సూయున్.

"రెండోది కొడుతుంటే కిందనుంచి తట్టాడు."

కింద ఆటు తీసిన కాలువలో పీతల చప్పుడు వినిపిస్తోంది.

"మూత తీశారా?"

"తీస్తే చెప్పేస్తాడు కదా."

"పోటు ఆ పెట్టెలో పైదాకా ఎన్నింటికి నిండుతుంది?"

"ఎనిమిదింటికి."

"ఎనిమిది దాకా తడుతూనే ఉన్నాడా?"

"గేటు దగ్గర దాకా వినిపించింది," అన్నాడు వాన్‌ఫూ. "రేడియో పెద్దది చేసుకున్నా."

వెంగ్ పుస్తకం వైపు చూసుకున్నాడు. ప్రమాదం అనే మాట అక్కడ అప్పటికే రాసి ఉంది. దాన్ని కొట్టేసి, పక్కన హత్య అని రాసి, కలాన్ని సంతకం కోసం సూయున్ చేతికిచ్చాడు.